కంచె దాకా

ఎబెన్ డాక్ చెయ్యి పెట్టినా కౌజు పెట్ట గూడు మీంచి లేవదని స్టార్నింగ్‌లో చెప్పుకునేవాళ్ళు. అది అబద్ధం. చెయ్యి పెడితే ఏ పెట్టయినా లేస్తుంది, ఒకసారి బెదిరి లేచింది తిరిగి రాదు కూడా. అతను చేసేదల్లా కంచె మొదట్లో బోర్లా పడుకుని, అది మేతకు తనంతట తాను దిగిపోయేదాకా గంటో రెండు గంటలో కదలకుండా ఉండటం. ఓర్పుని మహిమగా చెప్పుకోవడం అన్ని దేశాల్లోనూ ఉన్నదే. ఓర్పు అని ఒప్పుకుంటే మనమూ నేర్చుకోవాల్సి వస్తుంది, మహిమ అంటే ఆ బాధ లేదు.

నార్ఫోక్ ఉత్తరపు అంచున, సుద్దనేల మీద ఉన్న స్టార్నింగ్ ఎస్టేటులో అతను కౌజుల కాపరి. అతని తండ్రీ అదే పని చేశాడు. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా ఆ పిట్టల్ని ప్రాణం పెట్టి కాపాడటం, అక్టోబరు రాగానే వాటినే లేపి మేజర్ విన్‌ఫ్రీ గారి అతిథుల తుపాకుల మీదుగా తోలడం. ఇందులో ఏదో మెలిక ఉందని పట్నంవాళ్ళకి తోచేది. ఎబెన్‌కి ఎన్నడూ తోచలేదు. ఆదివారం కోడిని కోసే ఇల్లాలిని, వారమంతా దానికి గింజలెందుకు చల్లావమ్మా అని ఎవరడుగుతారు?

అతని పనితనమంతా మే నెలలో తెలిసేది. ఒక్కో కంచె కింద ఎన్ని గూళ్ళున్నాయో, ఏ గూట్లో ఎన్ని గుడ్లో అతనికి నోటికొచ్చు. పెట్ట మేతకు దిగగానే ఆ గుడ్లు తీసి, వాటి చోట ఆకుపచ్చా మట్టిరంగూ కలిపి పూసిన చెక్క గుడ్లు పెట్టేవాడు. అసలు గుడ్లు ఇంటి వెనక కొట్టంలో భార్య ఐవీ చూసుకునే పొట్టికోళ్ళ కిందికి వెళ్ళేవి. కాకి తన్నుకుపోయినా, వీజెల్ అనే ముంగిసలాంటి జంతువు నాకేసినా, పోయేది చెక్కే. ఇరవై మూడో రోజున లోపలి పిల్ల పెంకుని పొడుస్తున్నప్పుడు, ఆ గుడ్లని ఉన్నిగుడ్డలో చుట్టి, చంకలో వెచ్చగా పెట్టుకుని మళ్ళీ గూటికి చేర్చేవాడు. చెక్క మీద మూడు వారాలు కూర్చున్న తల్లి పెంకుల్లోంచి కిచకిచ వినగానే ఇంకేమీ అడగదు. మర్నాటికల్లా పద్దెనిమిది పిల్లలతో బార్లీ చేలోకి నడిచిపోతుంది.

"దానికి తెలుసంటావా, మనం మోసం చేశామని?" అని పెళ్ళయిన కొత్తలో ఐవీ అడిగింది.

"తెలిస్తే మాత్రం ఏం? పిల్లలొచ్చాయిగా," అన్నాడు ఎబెన్.

గుడ్లు అతని చేతిలో ఉండేవి, వాన ఉండేది కాదు. కౌజు పిల్లలు ఎక్కువగా జూన్ మూడో వారంలో బయటికొస్తాయి. పెద్దింటివాళ్ళు ఆస్కాట్ గుర్రప్పందాలకు కొత్త టోపీలు పెట్టుకు వెళ్ళే వారం అది. ఆ వారం ఎండ కాయాలని ఇంగ్లండులో కోరుకునేవాళ్ళు ఇద్దరే: టోపీలు కొనుక్కున్న దొరసానులు, కౌజుల కాపరులు. ఎబెన్ తండ్రి చనిపోయేదాకా ఒక మాట అనేవాడు: "పొడికాళ్ళ పిల్ల బతుకుతుంది, తడికాళ్ళ పిల్ల చస్తుంది. మిగతాదంతా దొరలకి చెప్పే కబుర్లే."

రాణి పట్టాభిషేకం జరిగిన ఏడాది జూన్ అంతా వాన. ఎబెన్ పొద్దున్నే చేల గట్ల మీద నడుస్తూ బొటనవేలంత పిల్లల్ని ఏరుకొచ్చేవాడు. తడిసి, ఈకలు ఒంటికంటుకుపోయి, కాళ్ళు చాచుకుని పడున్నవి. చేల అంచుల్లో గసగసాల పూలు, అడవి ఆవ, చక్రవర్తికూర, దారపు తీగలు మోకాలెత్తున పెరిగి, గంటల తరబడి నీళ్ళోడుతూ ఉండేవి. వాన వెలిశాక కూడా పిల్ల ఆ చిత్తడిలోంచే నడవాలి. ఎబెన్ కలుపు వంక చూసి శత్రువుని గుర్తుపట్టాననుకున్నాడు.

మరుసటి వసంతంలో ఎస్టేటుకి మందు కొట్టే యంత్రం వచ్చింది. ట్రాక్టరు వెనక పీపా, రెండు వైపులా రెక్కల్లా గొట్టాలు. దాన్ని తోలేది ఐవీ తమ్ముడు రూబెన్ లెగెట్. కలుపుమందు చేని మధ్యలోనే కొట్టి, కంచె పక్కన నాలుగైదు గజాలు వదిలేస్తుండేవాడు. మందు మీద జాలితోనో పిట్టల మీద జాలితోనో కాదు, కంచె కొమ్మలకి గొట్టాలు తగులుకుంటాయని. ఎబెన్ చేనికి అడ్డంగా నడిచి వెళ్ళి ట్రాక్టరు ఆపించాడు.

"ఏంట్రా రూబెనూ, ఈ అంచు ఎవరికి వదిలావు? మీ తాతకా?"

"మా తాత సమాధి చుట్టూ కూడా ఇంత కలుపు లేదులే. కొమ్మలకి గొట్టం తగిలి విరిగిందనుకో, ఫోర్‌మన్ నా వీపు విరగ్గొడతాడు."

"కొమ్మలు నేను కొట్టేస్తా. నువ్వు కంచె దాకా కొట్టు. వేళ్ళు తగిలేదాకా కొట్టు."

"ఏం, నీ పిట్టలకి పచ్చగడ్డంటే పడదా?"

"నా పిల్లలకి పొడి నేల కావాలి. పోయినేడు ఆ గడ్డిలో మునిగి నూరు చచ్చాయి. నువ్వు లెక్కపెట్టావా? నేను పెట్టాను."

రూబెన్ టోపీ వెనక్కి నెట్టి నవ్వాడు. "సరేలే. చర్చిలో నేల తుడిచినట్టు తుడిచిపెడతా. పెళ్ళి బట్టలేసి నడిపించుకో నీ పిల్లల్ని." ఆ సాయంత్రం అక్క ఇంట్లో టీ తాగుతూ ఇదే మాట మళ్ళీ చెప్పి, "మీ ఆయన కౌజులకి తివాచీ పరిపిస్తున్నాడే ఐవీ!" అని పగలబడి నవ్వాడు.

ఆ ఏడూ వానే. పిల్లలు చచ్చాయి, అందరూ ఆకాశాన్ని తిట్టారు, కాబట్టి ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఆ తర్వాతి ఏడాది, 1955, ఎబెన్ జీవితంలోకెల్లా మంచి జూన్ వచ్చింది. మూడో వారమంతా ఎండ. వందకి తొంభయ్యారు గుడ్లు పిల్లలయ్యాయి. బార్లీ కింద నేల అద్దంలా, ఒక్క కలుపు మొక్క లేకుండా ఉంది. పిల్లలు పొడికాళ్ళతో దాని లోపలికి నడిచాయి. ఎబెన్ ఆ వారం రోజులూ ఈల వేసుకుంటూ తిరిగాడు.

జూలై పదో తారీఖున లెక్క చూస్తే, పద్దెనిమిది పిల్లలతో వెళ్ళిన తల్లి వెంట మూడున్నాయి. పక్క చేలో రెండు. ఇంకో దాని వెంట ఏమీ లేవు, మగా ఆడా రెండూ గట్టు మీద పక్కపక్కన నుంచుని ఉన్నాయి. శవాలు కూడా దొరకలేదు. అంత చిన్న శవాన్ని చీమలు ఒక్క పూటలో సర్దేస్తాయి.

శవం లేని చావుకి దొంగని వెతకడం మనిషికి సహజం. కాపరికి దొంగలు సిద్ధంగానే ఉంటారు. అడవి అంచున తీగకంచెకి, చంపిన జంతువుల్ని వరసగా వేలాడదీసే ఆచారం ఆ కాపరులందరికీ ఉండేది. వీజెల్‌లు, వాటికన్నా కాస్త పెద్దవైన స్టోట్‌లు, కాకులు, గద్దలు, అడవిలోకొచ్చిన పిల్లులు. దొర గుర్రం మీద వెళుతూ చూసి, కాపరి పనిచేస్తున్నాడని తెలుసుకుంటాడు. పూర్వం నగరాల కోటగుమ్మాల మీద దొంగల తలలు వేలాడదీసిన రాజులు దొంగతనాలు తగ్గాయని రాయించుకున్నారు గానీ, తగ్గాయో లేదో ఎవరూ చూడలేదు. ఎబెన్ తీగ ఆ ఏడాది నలభై గజాలు పెరిగింది. మరుసటి జూన్‌లోనూ ఎండే కాసింది, మరుసటి జూలైలోనూ పిల్లలు లేవు. తీగ ఇంకా పెరిగింది. ఆ వైపు గాలి వీస్తే ఐవీ బట్టలు ఆరేసేది కాదు.

మేజర్ గారు ఒకనాడు గుర్రం ఆపి ఆ తీగంతా తీరిగ్గా చూశారు.

"చాలా కష్టపడుతున్నావు డాక్. కానీ పిట్టలేవీ?"

"ఏదో తింటోంది దొరగారూ. పట్టుకుంటాను."

"పట్టుకో. ఒక లార్డ్ గారిని వేటకి అక్టోబరులో రమ్మన్నాను. కాకుల్ని చూపించనా ఆయనకి?"

ఆ వారమే ఎబెన్‌కి వారెన్ అని పిలిచే చేని గట్టు మీద, ఆరిన బురదలో కుక్క అడుగులు కనిపించాయి. వాటి పక్కన ఒక పిల్లకౌజు రెక్క. రూబెన్ ఇల్లు ఆ చేని చివరే. అతనికి నెల్ అని ఒక వేటకుక్క ఉండేది, బూడిదరంగుది, సన్నగా. పని దిగాక సాయంత్రాలు దాన్ని గట్ల మీద తిప్పేవాడు. అది కుందేలుని తరమడం చూసినవాళ్ళున్నారు గానీ, పట్టడం చూసినవాళ్ళు లేరు.

ఎబెన్ మూడు రోజులు ఎవరితోనూ చెప్పలేదు. నాలుగో రోజు మేజర్ గారితో చెప్పాడు. తన పేరు పోతోంటే, తన పిట్టలు పోతోంటే, కళ్ళెదుట అడుగులుంటే ఏం చేస్తాడు? అలా చెప్పకపోతే బంధువుని వెనకేసుకొచ్చాడంటారు కూడా. న్యాయంగా నడుచుకున్నాననుకున్నాడు. చెడ్డపనులు చేసేటప్పుడు మనిషికి తాను న్యాయంగా ఉన్నాననే అనిపిస్తుంది. మంచిపనులకే అనుమానాలు.

మేజర్ గారు కుక్కని కాల్చెయ్యమన్నారు. రూబెన్ తనే పెరట్లోకి తీసుకెళ్ళి కాల్చాడు. కానీ మాట అంతటితో ఆగలేదు. లెగెట్ కుక్కతో పిట్టలు పట్టించి ఊళ్ళో అమ్ముతున్నాడని సారాకొట్టు దగ్గర ఎవరో అన్నారు. అక్టోబరులో, పాలేళ్ళు ఇళ్ళు మారే పాత మైకెల్మస్ పండక్కి, ఎస్టేటు ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. రూబెన్ సామాను బండికెత్తి, భార్యనీ ఇద్దరు ఆడపిల్లల్నీ ఎక్కించి, లిన్ పట్నానికి వెళ్ళిపోయాడు. అక్కడ బఠాణీలు డబ్బాల్లో పెట్టే ఫ్యాక్టరీ ఉంది.

ఐవీ పోట్లాడలేదు. పొట్టికోళ్ళని ఎప్పటిలాగే చూసుకుంది, కుడుములు ఉడికించింది, బట్టలుతికింది. ఒక్కటే మారింది. పదహారేళ్ళుగా "ఎబెన్" అని పిలిచిన మనిషి ఆనాటి నుంచీ, ఎస్టేటులో అందరూ పిలిచినట్టే, "డాక్" అంది.

కుక్క పోయాక కూడా పిల్లలు చచ్చాయి. కొత్త డ్రైవరు కంచె దాకానే కొట్టేవాడు, అదిప్పుడు ఆ ఎస్టేటు అలవాటు. 1960 నాటికి పదకొండు జతలు మిగిలాయి. మేజర్ గారు విసిగి, పొదుగు యంత్రాలు తెప్పించి ఫెజెంట్ కోళ్ళ పెంపకంలోకి దిగారు. గంపల్లో వేల పిల్లలొచ్చేవి. ఎబెన్ వాటికి బస్తాల్లోంచి మేత పోసేవాడు. అతనికి ఉద్యోగం పోలేదు, ఇల్లు పోలేదు. ఎవరూ ఒక్క మాటా అనలేదు. ఆ కోళ్ళు అతన్ని చూస్తే పరిగెత్తుకుంటూ కాళ్ళ చుట్టూ మూగేవి. అది అతనికి నచ్చేది కాదు.

మిస్ హెబ్డెన్ 1963 జూన్‌లో సైకిలు మీద వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయి, కేంబ్రిడ్జిలో పురుగుల చదువు చదివిందట, మాట యార్క్‌షైర్ది. పొడుగు కర్రకి గుడ్డ వల కట్టి, చేల అంచుల్లో బార్లీని ఊడ్చినట్టు ఊడ్చి, పడినవన్నీ సీసాల్లో వేసుకునేది. చచ్చిన కౌజు పిల్లలేమైనా కనిపిస్తే ఇమ్మని ఎబెన్‌ని అడిగింది. మిగిలిన పదకొండు జతల్లో ఒకటి పాదిరీ గారి చేలో పొదిగింది. ఆ చేను చేసుకునే ముసలాయన మందు కొననంత పిసినారి. అక్కడ ట్రాక్టరు చక్రం కింద పడి చచ్చిన పిల్లనొకదాన్నీ, వారెన్ చేలో ఊరికే చచ్చిపడున్న ఇంకొకదాన్నీ ఎబెన్ చేతిరుమాల్లో పెట్టి తెచ్చాడు.

వంటింటి బల్ల మీద పాత వార్తాపత్రిక పరిచి, ఆమె చిన్న కత్తెరతో రెండింటి పొట్టలూ కోసింది. ఐవీ పొయ్యి దగ్గర టీ కాస్తోంది.

"ఇది పాదిరీ గారి చేలోది. చూడండి," అంది మిస్ హెబ్డెన్. పచ్చటి పురుగులు, పేనుబంక, పెంకుపురుగుల కాళ్ళు, ఇంకా అరగని చీమగుడ్లు. పిన్ను మొనతో వేరుచేస్తూ పోతే నూట ఎనిమిది తేలాయి. "ఇప్పుడిది మీ చేలోది."

రెండు గడ్డిగింజలు. ఒక ఇసుకరేణువు.

"జబ్బా?" అన్నాడు ఎబెన్.

"ఆకలి. మొదటి రెండు వారాలూ ఇవి గింజ తిని బతకలేవు మిస్టర్ డాక్, పురుగే కావాలి. పురుగు కలుపు మీద బతుకుతుంది. కలుపు లేదు, పురుగు లేదు. మీ చేని అంచులో ఇరవైసార్లు వల ఊడిస్తే నాకు దొరికినవి నాలుగు. పాదిరీ గారి చేలో మూడొందలు దాటాయి."

ఎబెన్ బల్ల మీది ఇసుకరేణువు వంక చూస్తున్నాడు.

"నాకర్థం కానిదొకటుంది," అంది ఆమె, పుస్తకం తెరిచి పెన్సిలు పట్టుకుని. "మిగతా ఎస్టేటుల్లో చేని మధ్యే కొట్టి అంచు వదిలేస్తారు. అందుకే అక్కడ కొన్నయినా బతికాయి. ఇక్కడ మొదటినుంచీ కంచె దాకా కొట్టారు. ఎవరు చేశారా పని?"

"ట్రాక్టరు తోలేవాడు," అన్నాడు ఎబెన్. "ఒకడుండేవాడు. చేతికి అదుపు లేదు."

ఆమె రాసుకుంటోంది. ఐవీ కెటిల్ దించి వెనక్కి తిరిగింది.

"రాయకమ్మా. ఆ తోలేవాడు మా తమ్ముడు. వాడు అంచు వదిలేశాడు. కంచె దాకా కొట్టమని ట్రాక్టరుకి అడ్డంపడి చెప్పింది ఈయన."

మిస్ హెబ్డెన్ రాసిన వరస రబ్బరుతో తుడిచేసింది. కోప్పడలేదు. "ఎందుకు చెప్పారు?" అని మాత్రం అడిగింది. ఎబెన్ తడికాళ్ళ సంగతి చెప్పాడు, తండ్రి మాట చెప్పాడు.

"మీ నాన్న తప్పు చెప్పలేదు," అంది ఆమె. "తడికి చస్తాయి. కానీ కడుపు నిండిన పిల్ల వానకి కూడా ఓర్చుకుంటుంది. ఖాళీ కడుపు పిల్లకి మంచు చాలు."

ఆమె వెళ్ళాక ఐవీ ఆ వార్తాపత్రిక ఉండచుట్టి పొయ్యిలో పడేసింది. "మంగళవారం లిన్‌కి బస్సుంది డాక్," అంది.

ఫ్యాక్టరీలో అది బఠాణీల కాలం. మధ్యాహ్నం విరామంలో రూబెన్ రబ్బరు ఏప్రన్‌తో, మణికట్ల దాకా పచ్చబడ్డ చేతులతో గేటు బయటికొచ్చి గోడ మీద కూర్చుని రొట్టె విప్పాడు. ఎబెన్ నిలబడే అంతా చెప్పాడు. కుక్క కాదని, మందని, కంచె దాకా అని. రూబెన్ సగం రొట్టె తిన్నాడు.

"ఇంతేనా? ఈ మాట చెప్పడానికి బస్సెక్కావా? నాకు తెలియందేమన్నా చెప్పు."

"నీకు తెలుసా?"

"నెల్ పట్టలేదని నాకు తెలీదా? అది జన్మలో పట్టింది ఒక్కటే, నా భోజనం. పురుగుల సంగతి నాకు తెలీదు. మందు కొట్టాక చేలో ఈగ కూడా వాలేది కాదని తెలుసు. ఆ మాట అప్పుడంటే ఎవడు వినేవాడు? నువ్వు వినేవాడివా?"

"వినేవాణ్ణి కాదు."

"హమ్మయ్య, ఒక్క నిజం చెప్పావు." రూబెన్ రొట్టె పొట్లం మడిచాడు. "చూడు ఎబెనూ. తప్పయిపోయిందని నాకు చెప్పకు. నా చెవులు చిన్నవి, అంత పట్టదు. మా పెద్దదాన్ని బళ్ళో పిట్టలదొంగ కూతురా అన్నారు. స్టార్నింగ్ నుంచి వచ్చినవాడు ఎవడో మోసుకొచ్చాడీ మాటని ఇక్కడిదాకా. ఎక్కడ అన్నావో అక్కడికెళ్ళి చెప్పు. మేజర్ ముందు. లెగెట్ చెయ్యలేదు, నేను చేశాను అను. అంతే."

"అంటాను."

"అనలేవులే," అన్నాడు రూబెన్. ఫ్యాక్టరీ కూత మోగింది. చెయ్యి ఊపకుండానే లోపలికి వెళ్ళిపోయాడు.

ఎబెన్ అన్నాడు. మర్నాడు ఉదయమే, ఫెజెంట్ కోళ్ళ మైదానంలో, మేజర్ గారు చేతికర్రకి ఆనుకుని పిల్లల్ని చూసి మురిసిపోతోంటే, టోపీ తీసి చేత్తో పట్టుకుని మొత్తం చెప్పాడు. ఇలాంటి మాట చెప్పడానికి మనిషి ఏళ్ళ తరబడి భయపడతాడు. దొర కేకలేస్తాడు, పొమ్మంటాడు, కర్రెత్తుతాడు అని ఊహించుకుంటాడు. ఎబెన్ అన్నిటికీ సిద్ధపడే వచ్చాడు. ఇల్లు ఖాళీ చెయ్యమంటే పెట్టెలు ఎక్కడ సర్దాలో కూడా దారిలో ఆలోచించుకున్నాడు.

"లెగెట్?" అన్నారు మేజర్ గారు. "ఎవరు, ఆ చెవిటి గొర్రెలకాపరా?"

"కాదు దొరగారూ. ట్రాక్టరు రూబెన్. కుక్కని కాల్పించారు. ఇల్లు ఖాళీ చేయించారు."

"నేనా?" ఆయన నిజంగానే గుర్తుచేసుకోడానికి ప్రయత్నించారు. కళ్ళు చికిలించారు. దొరకలేదు. "ఏమో డాక్. యుద్ధం తర్వాత ఎంతమంది వచ్చారు, ఎంతమంది పోయారు. బతికే ఉన్నాడుగా?"

"ఉన్నాడు."

"మంచిది. పని ఉందా?"

"ఉంది దొరగారూ."

"అయితే ఇంకేం! చూశావా, అంతా సర్దుకుంది."

ఎబెన్ కదల్లేదు. వారెన్ చేని అంచు ఆరు గజాలు మందు కొట్టకుండా వదలమని, పదకొండు జతలింకా ఉన్నాయని, రెండేళ్ళు చూస్తే చాలని అడిగాడు. ఎస్టేటులో ముప్ఫై ఏళ్ళలో తనకోసం అడిగిన మొదటి కోరిక అది.

"కలుపు పెంచుకోమంటావా? ఫోర్‌మన్ నవ్వుతాడయ్యా," అన్నారు మేజర్ గారు, దయగానే. "ఇక కౌజుల సంగతి మర్చిపో. వీటికి పురుగులక్కర్లేదు, బస్తా చాలు. అక్టోబరుకి ఎనిమిది వందలు తోలగలవా లేదా, అది చెప్పు."

"తోలగలను దొరగారూ," అన్నాడు ఎబెన్.

ఇంటికొచ్చేసరికి ఐవీ గుమ్మంలో కూర్చుని చిక్కుడు గింజలు ఒలుస్తోంది. తల ఎత్తలేదు.

"చెప్పావా?"

"చెప్పాను."

"ఏమన్నాడు?"

ఎబెన్ బూట్ల తాళ్ళు విప్పాడు. "రూబెన్ ఎవరని అడిగాడు."

ఆమె చేతిలో ఉన్న కాయ ఒలిచి, గింజలు గిన్నెలో రాల్చి, తొక్క బుట్టలో వేసింది. ఇంకొకటి తీసుకుంది.

"మళ్ళీ మంగళవారం బస్సెక్కు," అంది. "ఆ మాట కూడా వాడికి నువ్వే చెప్పు."